ఏజెంటు చేతికి ఏ ఫైర్‌వాల్ ఇవ్వొచ్చు? నాలుగు టూల్స్, వాటి డాక్యుమెంటేషన్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. మనకు చాలా తేలిగ్గా అనిపించే ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌లోకి ఎవరిని రానివ్వాలో రూల్స్‌తో తేల్చే కాపలా) టూలే ఏఐ ఏజెంటు (మన బదులు తనే కమాండ్లు వేసే ఏఐ) చేతికి వెళ్లేసరికి నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. కష్టమని మనం పక్కన పెట్టేదేమో దాని దగ్గర బాగానే నడిచింది. మనిషికి ఇది చెప్పక్కర్లేదులే అని డాక్యుమెంటేషన్ రాసినవాళ్లు ఎక్కడెక్కడ వదిలేశారో, ఏజెంటు సరిగ్గా అక్కడే బోల్తా పడుతోంది. కాబట్టి దీన్ని టూల్స్ మీద రివ్యూ అనేకంటే, వాటితో వచ్చే రాత మీద రివ్యూ అనుకోండి.

నేను పనిచేసేది రొయ్యలు గడ్డకట్టించి ఎగుమతి చేసే కంపెనీలో. ప్లాంటు గాజువాక ఆటోనగర్ వైపు, ఆఫీసు ద్వారకానగర్‌లో, కొనుగోలు కేంద్రం భీమవరంలో. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలు దాటి పైకి రాకూడదు. ఆ రికార్డు చూపించకపోతే విదేశీ కొనుగోలుదారు సరుకు ముట్టుకోడు. టెంపరేచర్ రీడింగులు తెచ్చే కంట్రోలర్లు మోడ్‌బస్ అనే పారిశ్రామిక యంత్రాల భాషలో, 502 పోర్టు (మెషీన్‌కి ఉండే నంబరు వేసిన ద్వారాల్లో ఒకటి) మీద మాట్లాడతాయి. మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అనే గొడవే లేదు. పోర్టు తెరిచి ఉంటే అడిగినవాడికల్లా రీడింగు ఇస్తుంది, రాసినవాడికల్లా సెట్టింగు మార్చనిస్తుంది. మా సరుకుకీ బయట ప్రపంచానికీ మధ్య ఉన్న తలుపు ఫైర్‌వాల్ ఒక్కటే.

ఇక ఏజెంటు ఎందుకంటారా? గూగుల్ విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించాక, ఊళ్లో ప్రతి ఎండీకీ తన కంపెనీలో కూడా ఏఐ ఏదో ఒకటి చెయ్యాలని కోరిక పుట్టింది. మా సార్ కూడా అంతే. "రూల్స్ పెట్టడం, తియ్యడం దానితో చేయించండమ్మా, మీరు పైన చూసుకోండి" అన్నారు. నాకూ అభ్యంతరం లేదు, రాత్రి ఫోన్లు తగ్గితే మంచిదే. కాకపోతే అసలు మెషీన్లు ముట్టుకోనివ్వకుండా, అదే సెటప్ వర్చువల్ మెషీన్లలో కట్టి, డమ్మీ కంట్రోలర్ ఒకటి పెట్టి చూశాను. ప్రతి టూల్‌కీ దానితో వచ్చే మాన్ పేజీలు (కమాండ్ల వాడుక పుస్తకం), అధికారిక డాక్యుమెంటేషన్ మాత్రమే ఏజెంటుకిచ్చాను. అన్నింటికీ అవే పనులు: 502కి లాగింగ్ సర్వర్‌ని మాత్రమే రానివ్వు, భీమవరం నుంచి డేటాబేస్ పోర్టు 5432కి దారి ఇవ్వు, పాత సీసీ కెమెరా వెండర్ కోసం తెరిచిన 554 మూసెయ్యి.

యూఎఫ్‌డబ్ల్యూతో (ఉబుంటు లినక్స్ ఫైర్‌వాల్ టూల్) మొదలుపెట్టాను. 2008లో ఉబుంటు 8.04తో వచ్చినప్పటి నుంచీ కొత్త కుర్రాళ్లందరికీ మొదటి పాఠం ఇదే. కమాండు చదివితే అర్థం తెలిసిపోతుంది, మాన్ పేజీ చిన్నది, డ్రై రన్ (నిజంగా మార్చకుండా ఏం జరుగుతుందో చూపించడం) ఉంది, రూల్ పక్కన కామెంటు రాసుకోవచ్చు. ఏజెంటు కూడా మొదటి రెండు పనులూ ఇట్టే చేసేసింది. మా జూనియర్ కుర్రాడు "ఏటి మేడమ్, ఇంత ఈజీయా? మన ఉద్యోగాలు పోయినట్టే" అని నవ్వాడు కూడా.

మూడో పనిలో బండి పట్టాలు తప్పింది. నంబర్లతో స్టేటస్ చూపించే కమాండు వేస్తే రూల్స్ వరసగా 1, 2, 3 అని వస్తాయి. 554 రూల్ రెండు చోట్ల ఉంది: ఐపీవీ4కి (పాత రకం నెట్ అడ్రసులు) 4వ నంబరు, ఐపీవీ6కి (కొత్త రకం) 9వ నంబరు. ఏజెంటు 4 తీసేసి, చేతిలో ఉన్న పాత లిస్టు పట్టుకుని 9 కూడా తీసేసింది. 4 పోగానే కింద ఉన్నవన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి కదా, కాబట్టి పోయింది పాత 10. అది మా ఎస్‌ఎస్‌హెచ్ రూల్, అంటే దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే దారి. మనిషైతే ఇక్కడ ఆగుతాడు, ఎందుకంటే తీసే ముందు యూఎఫ్‌డబ్ల్యూ ఆ రూల్ చూపించి "కానివ్వమంటావా" అని అడుగుతుంది. ఏజెంటుకి ఆ ప్రశ్న ఒక అడ్డంకి. దాన్ని దాటించే ఫోర్స్ ఆప్షన్ మాన్ పేజీలోనే ఉంది, అదీ రిమోట్‌గా వాడేవాళ్లకి ఇచ్చిన సలహాల మధ్య. అది చదివింది, వాడేసింది. మనిషికి సౌకర్యంగా రాసిన వాక్యం దానికి అనుమతి పత్రం అయిపోయింది.

నంబరు బదులు రూల్ మొత్తం రాసి తీసేయమంటే ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఒకేసారి సరిగ్గా పోతాయి. ఈ మాట మాన్ పేజీలో లేదని అనను, ఉంది. కానీ రెండు పద్ధతులూ పక్కపక్కన సమానంగా ఉన్నాయి. ఒకటి తీస్తే మిగతా నంబర్లు జరుగుతాయి జాగ్రత్త అని ఏజెంటు ఆగిపోయేంత గట్టిగా ఎక్కడా లేదు.

ఇంకో గొడవ. యూఎఫ్‌డబ్ల్యూ ఆపి ఉన్నప్పుడు స్టేటస్ అడిగితే 'ఇనాక్టివ్' అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, అంతకుముందు రాసిన రూల్స్ చూపించదు. ఏజెంటు దాన్ని "రూల్స్ ఏమీ లేవు" అని అర్థం చేసుకుని కొత్తగా కట్టడం మొదలుపెట్టింది. 'షో యాడెడ్' అనే కమాండు ఉందని తెలిస్తే ఆ ఇబ్బంది లేదు.

అసలైన పెద్ద గొయ్యి డాకర్, అంటే ప్రోగ్రాములను కంటైనర్లు అనే విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్. కంటైనర్ పోర్టు బయటికి పబ్లిష్ చేస్తే డాకర్ తన సొంత రూల్స్ వేసుకుంటుంది. ఆ ట్రాఫిక్ నాట్ టేబుల్‌లోనే (అడ్రసులు మార్చే చోట) మళ్లిపోతుంది, యూఎఫ్‌డబ్ల్యూ కాపలా కాసే ఇన్‌పుట్ చెయిన్ (లోపలికొచ్చే ట్రాఫిక్‌కి వేసిన రూల్స్ వరస) వైపు రానే రాదు. స్టేటస్‌లో 'డినై' అని ఉంటుంది, బయటి నుంచి చూస్తే పోర్టు బార్లా తెరిచి ఉంటుంది. ఈ సంగతి డాకర్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా ఉంది, డాకర్-యూజర్ అనే చెయిన్‌లో మన రూల్స్ పెట్టుకోమని కూడా ఉంది. కానీ నేను ఏజెంటుకి ఇచ్చింది ఫైర్‌వాల్ పుస్తకం. డాకర్ పుస్తకం తెరవాలని దానికి ఎవరు చెప్పాలి? "5432 భీమవరానికి తప్ప మూసి ఉంది, ధ్రువీకరించాను" అని రిపోర్టు రాసింది. నేను పక్క మెషీన్ నుంచి తడితే పలికింది.

జేసన్‌లో (ప్రోగ్రాములు తేలిగ్గా చదివే రూపం) ఔట్‌పుట్ కూడా ఇవ్వదు, స్పేసులతో కట్టిన పట్టికే ఇస్తుంది. నా మార్కు: మనిషికి 5లో 4, ఏజెంటుకి 2.

రెండో టూల్ ఫైర్‌వాల్‌డీ మీద నాకు అంత ప్రేమ లేదు. ఫెడోరా 18 నుంచి డిఫాల్టుగా వస్తోంది, 2014లో రెడ్‌హ్యాట్ 7తో ఆఫీసుల్లోకి దిగింది. జోన్లు (ఒకే స్థాయి నమ్మకం ఉన్న నెట్‌వర్క్‌ల గుంపులు), సర్వీసులు, రిచ్ రూల్స్ అని ముందే ఎన్నో నేర్చుకోవాలి. ముందే తయారుచేసి ఇచ్చిన జోన్లే తొమ్మిది. చిన్న పనికి ఇంత సరంజామా ఎందుకని విసుక్కునేదాన్ని.

ఏజెంటు కళ్లతో చూశాక అభిప్రాయం మారింది. ఇందులో ప్రతి మార్పుకీ రెండు జీవితాలు: ఇప్పుడు నడుస్తున్నది ఒకటి, శాశ్వతంగా రాసుకున్నది ఒకటి. 'పర్మనెంట్' అనకుండా వేసిన రూల్ రీలోడ్‌తో పోతుంది. దాని మీద 'టైమవుట్' అని పెడితే చెప్పిన నిమిషాల తర్వాత దానంతట అదే తొలగిపోతుంది. ఈ రెండు ఆప్షన్లూ కలిపి వాడటం కుదరదని కూడా మాన్ పేజీలో స్పష్టంగా రాశారు. అంటే ఏజెంటుకి నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం: ముందు 5 నిమిషాల టైమవుట్‌తో వెయ్యి, బయటి నుంచి పరీక్షించు, నేను సరేనన్నాక శాశ్వతం చెయ్యి. తప్పు చేసినా 5 నిమిషాల్లో గడువు తీరిపోతుంది, నేను ఆటోనగర్ దాకా పరుగెత్తక్కర్లేదు. ఇది కొత్త రూల్ కలిపే పనికే వర్తిస్తుందనీ, ఉన్న రూల్ తీసేసే పనికి ఆ రక్షణ లేదనీ గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో మంచి గుణం, అడిగితే సూటిగా చెబుతుంది. 'క్వెరీ పోర్ట్' వేస్తే ఉంటే 0, లేకపోతే 1 ఎగ్జిట్ కోడ్‌గా (కమాండు ముగిసినప్పుడు ఇచ్చే సంఖ్య) వస్తుంది. పట్టిక చదివి ఊహించే పని లేదు. ఫైళ్లలో తప్పులుంటే చూసిపెట్టే 'చెక్ కాన్ఫిగ్' కూడా ఉంది.

పొరపాట్లు లేవా? ఉన్నాయి. ఏజెంటు శాశ్వతంగా రాసి, రీలోడ్ మరచి, "పూర్తయింది" అంది. పోర్టు మూసే ఉంది. ఇంకోసారి పబ్లిక్ జోన్‌లో రూల్ పెట్టి ఎందుకు పనిచెయ్యట్లేదా అని తల పట్టుకుంది. సోర్స్ అడ్రసు ఆధారంగా కట్టిన జోన్ ఉంటే, ఇంటర్‌ఫేసు జోన్ కంటే ముందు దాన్నే చూస్తారు. మాకు ఇది మామూలు విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరిని ఊడ్చేసినప్పటి నుంచీ ప్లాంటుకి రెండు వేర్వేరు కంపెనీల నెట్ లైన్లు పెట్టుకున్నాం. ఏ లైను ఏ జోన్‌లో ఉందో తెలియకుండా రూల్ రాస్తే గాల్లో రాసినట్టే. 'యాక్టివ్ జోన్లు' చూపించే కమాండు మొట్టమొదట వెయ్యాలని నేను విడిగా రాసి ఇచ్చాక ఈ బాధ తప్పింది. ఏజెంటుకి 4.

మూడోది ఎన్‌ఎఫ్‌టీ (ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే ఫైర్‌వాల్ కమాండు). 2014 జనవరిలో లినక్స్ కెర్నెల్ (లినక్స్ మూల భాగం) 3.13తో వచ్చింది. 2001 నాటి కెర్నెల్ 2.4 నుంచి మనం మోస్తున్న ఐపీటేబుల్స్ అనే పాత ఫైర్‌వాల్‌కి వారసురాలు. మెషీన్ మెషీన్‌తో మాట్లాడటానికి ఇంతకన్నా బాగా కట్టిన టూల్ ఈ నాలుగింటిలో లేదు. రూల్స్ మొత్తం జేసన్‌లో ఇస్తుంది. ప్రతి రూల్‌కీ హ్యాండిల్ అని ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పక్క రూల్ తీసేసినా ఇది మారదు, యూఎఫ్‌డబ్ల్యూ దగ్గర పడ్డ దెబ్బకి ఇదే మందు. ఫైలు వేసేముందు చెక్ మోడ్‌లో సరిచూసుకోవచ్చు. వేస్తే మొత్తం పడుతుంది, లేదా ఏదీ పడదు, సగంలో ఆగిపోవడం ఉండదు.

మరి మార్కులెందుకు తగ్గించానంటే, రాత కోసం. మాన్ పేజీ వ్యాకరణ పుస్తకంలా ఉంటుంది. ఏ పదం తర్వాత ఏ పదం రావచ్చో అంతా ఉంది, ఎప్పుడు ఏది వాడాలో వెతుక్కోవాలి. ఏజెంటు ఖాళీలన్నీ తనకు అలవాటైన ఐపీటేబుల్స్ ధోరణితో నింపేసింది. అందులో ప్రమాదకరమైనది 'యాక్సెప్ట్' గురించిన అపోహ. ఒక చెయిన్‌లో యాక్సెప్ట్ అంటే అక్కడితో కథ అయిపోయినట్టు కాదు. అదే హుక్ (ట్రాఫిక్‌ని ఆపి చూసే చోటు) మీద తర్వాతి ప్రయారిటీలో ఇంకో చెయిన్ ఉంటే ప్యాకెట్ దాన్ని కూడా దాటాలి, అక్కడ 'డ్రాప్' అంటే డ్రాపే. ఏజెంటు తనకంటూ కొత్త టేబుల్ కట్టుకుని, అందులో భీమవరానికి యాక్సెప్ట్ రాసి, పాత టేబుల్‌లోని డ్రాప్‌కి గుద్దుకుంటూ కూర్చుంది. విషయం మాన్ పేజీలో ఉంది, కానీ ఎక్కడో లోపలి పేరాలో.

డెబియన్ వాడేవాళ్లకి ఇంకో హెచ్చరిక. అక్కడ డిఫాల్టు కాన్ఫిగ్ ఫైలు 'ఫ్లష్ రూల్‌సెట్'తో మొదలవుతుంది. సర్వీసు రీస్టార్ట్ చేస్తే మన రూల్స్‌తో పాటు డాకర్ వేసుకున్నవి కూడా తుడిచిపెట్టుకుపోతాయి. మళ్లీ ఇదే రూల్‌సెట్‌ని ఫైల్లోకి దించి బ్యాకప్ అనుకుంటే, అందులో ఆ ఫ్లష్ లైను ఉండదు. అది మనం పైన చేర్చకుండా తిరిగి వేస్తే పాతవాటి మీద కొత్తవి రెట్టింపై కూర్చుంటాయి. ఏజెంటుకి ఇచ్చే నోట్సులో ఈ రెండూ మొదటి పేజీలోనే ఉండాలి. నోట్సు లేకుండా 3, ఉంటే 4న్నర.

నాలుగోది ఓపీఎన్‌సెన్స్, దాని గురించి క్లుప్తంగా. 2015లో పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి పుట్టింది, మా బయటి గేటు అదే. దాని ఏపీఐలో (ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి) నాకు బాగా నచ్చింది ఒకే ఒక్క పద్ధతి: ముందు సేవ్‌పాయింట్ తీసుకుంటావు, మార్పు అప్లై చేస్తావు, ఆ తర్వాత 60 సెకన్లలోపు "రోల్‌బ్యాక్ వద్దు" అని కబురు పంపాలి. పంపకపోతే పాత స్థితి తనే తెచ్చుకుంటుంది. తనని తాను బయట పెట్టి తలుపేసుకున్న ఏజెంటు ఆ కబురు పంపలేదు కాబట్టి తలుపు దానంతట అదే తెరుచుకుంటుంది. మైక్రోటిక్ రూటర్లు వాడే మన కేబుల్ ఇంటర్నెట్ వాళ్లకి సేఫ్ మోడ్ తెలిసే ఉంటుంది, అదీ ఇదే బాపతు. జునిపర్ రూటర్లలో 'కమిట్ కన్ఫర్మ్‌డ్' ఉంది, గడువు విడిగా చెప్పకపోతే 10 నిమిషాలు. ఐపీటేబుల్స్‌తో కూడా 'ఐపీటేబుల్స్-అప్లై' అని ఒకటి వచ్చేది, 10 సెకన్లలో మనం జవాబివ్వకపోతే వెనక్కి తిప్పేది. పాతవాళ్లకి ఈ భయం ఎప్పుడో తెలుసు.

ఏపీఐ డాక్యుమెంటేషన్‌లో మాత్రం ఎక్కువ భాగం పట్టికలే. మాడ్యూల్, కంట్రోలర్, కమాండు, పారామీటర్లు. ఒక్కో కమాండు ఏం చేస్తుందో పేరు చూసి ఊహించుకోవాలి. సేవ్‌పాయింట్ గురించి మాత్రం ఉదాహరణతో సహా రాశారు, ఆ పేజీ ఒక్కటీ ఏజెంటుకి ఇచ్చినా చాలు.

ఇప్పుడు నేను సొంతంగా ఏం రాసి ఇచ్చానో చెప్తాను, ఎందుకంటే పై మార్కులన్నీ దీనితో మారిపోయాయి.

మొదటిది అడ్రసులు. యూఎఫ్‌డబ్ల్యూ మాన్ పేజీ ఉదాహరణల్లో 10.0.0.0/8, 192.168.0.1 లాంటివి ఉంటాయి. మా ప్లాంటు నెట్‌వర్క్ కూడా 192.168తోనే మొదలవుతుంది, ఊళ్లో సగం ఆఫీసులదీ అంతే. ఏది ఉదాహరణో ఏది మన మెషీనో ఏజెంటుకి ఎలా తెలుస్తుంది? ఉదాహరణల కోసమే విడిగా పెట్టిన అడ్రసులున్నాయి: 192.0.2.0/24, 198.51.100.0/24, 203.0.113.0/24. 2010లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5737 (ఇంటర్నెట్ సాంకేతిక పత్రం) ఈ పని మీదే ఉంది. నా నోట్సులో ఉదాహరణలన్నీ వీటితోనే రాసి, ఈ మూడింటిలో ఏది నిజమైన రూల్‌లో కనిపించినా ఆగిపొమ్మని రాశాను. ఇది నిజంగా పనికొచ్చింది. డ్రై రన్‌లో ఒకటి అలాగే దొరికింది.

రెండోది, ప్రతి కమాండు కిందా అది దేన్ని మారుస్తుంది, రీబూట్ తర్వాత ఉంటుందా, వెనక్కి తిప్పే కమాండు ఏది, పనిచేసిందని ఎక్కడి నుంచి చూడాలి అన్నవి. చివరిదానికి జవాబు ఎప్పుడూ ఒకటే: వేరే మెషీన్ నుంచి. ఫైర్‌వాల్‌ని దాని గురించి దాన్నే అడిగితే తెలిసేది దాని ఉద్దేశం మాత్రమే.

ఇక ప్రతి రూల్ ఎవరడిగారు, ఎందుకు, ఎప్పటిదాకా. ఏ టూల్ డాక్యుమెంటేషనూ ఇది ఇవ్వలేదు, ఇవ్వడం దాని పనీ కాదు. కెమెరా వెండర్ వెళ్లిపోయి ఏళ్లయినా 554 తెరిచే ఉండటానికి కారణం, అక్కడ కామెంటులో "టెంపరరీ, తీయొద్దు" అని మాత్రమే ఉండటం. ఏజెంటు ఆ కామెంటు చదివి, అది నా ఆజ్ఞ అనుకుని, మొదటిసారి రూల్ తియ్యనంది! నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే నవ్వే విషయం కాదు. కామెంటులో ఎవడైనా ఏదైనా రాయొచ్చు. లాగుల్లోనూ అంతే, బయటివాడు పంపిన పేర్లు, మాటలు వచ్చి పడుతుంటాయి. కాబట్టి కామెంట్లు, లాగులు సమాచారం మాత్రమే, ఆదేశాలు కావు అని పెద్దక్షరాల్లో పెట్టాను.

అయినా రాత ఒక్కటే నమ్ముకోలేదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చిన ఎంసీపీ (ఏఐకి టూల్స్ తగిలించే పద్ధతి) ద్వారా టూల్స్ ఇచ్చేటప్పుడు, ఇది చదవడానికే, ఇది నష్టం చెయ్యగలదు అని గుర్తులు పెట్టొచ్చు. అవి సూచనలే, తాళాలు కావు. తాళం సుడో ఫైల్లో (ఏ యూజర్ ఏ కమాండు వెయ్యొచ్చో రాసే చోట) వేశాను. ఏజెంటు యూజర్‌కి చూసే కమాండ్లు మాత్రమే నేరుగా దొరుకుతాయి. మార్చాలంటే నేను రాసిన చిన్న స్క్రిప్టు ద్వారానే. అది ముందు ప్రస్తుత రూల్స్‌ని ఫ్లష్ లైనుతో సహా దాచి, 5 నిమిషాల తర్వాత వాటినే తిరిగి వేసేలా 'ఎట్' కమాండుతో గడువు పెట్టి, అప్పుడు మార్పు వేస్తుంది. పక్క మెషీన్ నుంచి పరీక్ష నెగ్గితేనే గడువు రద్దు. ఫోర్స్ ఆప్షన్ ఆ స్క్రిప్టులో లేదు.

ఖర్చు ప్రశ్న వస్తుంది కదా. నాలుగు టూల్సూ ఉచితమే. ఏజెంటు చందా కంపెనీ కడుతుంది. నోట్సు రాయడానికి పట్టిన సమయానికి ఎవరూ కట్టలేదు.

ప్రస్తుతానికి భీమవరం మెషీన్ ఫైర్‌వాల్‌డీతో ఏజెంటుకి అప్పగించాను. అక్కడ టైమవుట్ ఉంది, చెడినా డేటాబేస్ సింక్ కాసేపు ఆగుతుంది, అంతే. ప్లాంటు కంట్రోలర్ల ముందున్న మెషీన్‌ని ఎన్‌ఎఫ్‌టీకి మార్చాను, అక్కడ ఏజెంటు ప్రతిపాదన రాస్తుంది, వేసేది కుర్రాడు. ఓపీఎన్‌సెన్స్ మీద దానికి చదివే హక్కు మాత్రమే ఉంది. ఉబుంటు సర్వర్లలో యూఎఫ్‌డబ్ల్యూ అలాగే ఉంది, నేనే వాడుకుంటున్నాను, నాకు అది ఇంకా ఇష్టమే. వాటిలో డాకర్ ఉన్న మెషీన్లకి మాత్రం డాకర్-యూజర్ చెయిన్ రూల్స్ వేరుగా రాసే పని మిగిలి ఉంది. రొయ్యల సీజను కాస్త నెమ్మదించాక దాని సంగతి చూస్తాను.